హాజరు జామీను

మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఢిల్లీలో మునీర్కా సందులో చాయ్ తాగుతున్నాను. ఫోను చేసింది ఆయన భార్య, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ. "తెల్లారి లేవలేదు నాన్నా" అన్నారు. ఏడుపు రావాలి కదా? ముందు భయం వచ్చింది. నన్ను జైలు నుంచి బయట ఉంచిన సంతకం ఆయనది. ఆ మనిషే లేకపోతే ఇప్పుడు నా గతేమిటి? గురువు పోయిన నిమిషంలో శిష్యుడికి రావలసిన ఆలోచనేనా ఇది, ఛీ అనుకున్నాను. అనుకున్నా భయం పోలేదు.

లా కాలేజీలో ఆయన మాకు చట్టాల చరిత్ర చెప్పేవారు. కంపెనీ వాళ్ల తొలి రెగ్యులేషన్లు, ఫౌజ్‌దారీ, దివానీ, ముచ్చలికా, ఇలాంటి పాత మాటలంటే ఆయనకు ప్రాణం. ఢిల్లీ చలికి మంకీ క్యాప్ పెట్టుకుని పాఠం చెప్పేవారు, మా గుసగుసలు వినడానికి ఒక చెవి మాత్రం బయటికి వదిలి.

పూర్వం ఫలానావాడు కచేరీకి, అంటే కోర్టుకి, వస్తాడని పూచీపడే మనిషిని హాజరు జామీను అనేవారట. వాడు రాకపోతే ఈయన జవాబు చెప్పుకోవాలి. మా క్లాసులో ఎవరైనా రాకపోతే మాస్టారు అడిగేవారు, "వీడికి హాజరు జామీను ఎవర్రా?" స్నేహితుడొకడు లేవాలి, వాడొచ్చేదాకా నిలబడాలి. ఒకసారి నా రూమ్మేటు కోసం లేచాను. ఆ మహానుభావుడు రాలేదు. గంటంతా నిలబడ్డాను, తిట్టుకుంటూ. ఆ గంటంతా మాస్టారు కూడా కుర్చీ ముట్టుకోలేదు.

నన్ను నిజంగా హడలగొట్టింది మాత్రం 1818 నాటి మూడో రెగ్యులేషన్ పాఠం. కోర్టులో నిలబెట్టడానికి తగిన ఆధారం లేకపోయినా మనిషిని పట్టి ఉంచొచ్చు. ఖైదీ ఆరోగ్యం ఎలా ఉంది, సౌఖ్యంగా ఉన్నాడా అని ఏటా రెండుసార్లు పైకి రాసి పంపాలి. "చూశారా, ఎంత మర్యాదో! ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. ఎందుకు పట్టుకున్నారో మాత్రం చెప్పరు" అన్నారు. "ఇది చదివి ఒళ్లు జలదరించకపోతే మీరింకా చదవలేదన్నమాట." నాకు జలదరించింది. అసలే పిరికిసన్నాసిని.

ఆ భయం నా ఇంటికే వచ్చింది. పోయిన ఏడాది మా అద్దె గదుల గొడవలో ఇంటి యజమాని తల పగిలింది. కొట్టింది నేను కాదు. మెట్ల మీద ఉన్నానంతే, పోలీసులు మెట్ల మీదున్న వాళ్లందర్నీ ఎత్తుకుపోయారు. బెయిలు వచ్చింది కానీ ఇక్కడ ఆస్తిపాస్తులున్న మనిషి పూచీ కావాలన్నారు. తెలిసిన వాళ్లంతా "అచ్ఛా, చూద్దాం" అని ఫోన్లు ఎత్తడం మానేశారు. మాస్టారు ఇందిరాపురం నుంచి ఫ్లాటు కాగితాలు పట్టుకుని వచ్చేశారు, మోకాళ్ల నొప్పులతో. బయటికొచ్చాక "భయమేస్తోంది సార్" అన్నాను. "భయపడు, ఎవరొద్దన్నారు? తారీఖుకి మాత్రం రా" అన్నారు.

కోర్టు ఇచ్చిన ప్రతి తారీఖుకీ వెళ్లాను. ఇంతలో ఈ ఫోను. పూచీ ఇచ్చిన మనిషి చనిపోతే కోర్టు కొత్త పూచీ అడగవచ్చు, ఇవ్వలేకపోతే లోపలికే. ఇది కూడా ఆయన చెప్పిన పాఠమే. వచ్చే తారీఖు పెద్దకర్మ కంటే ముందే పడింది. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆంటీని అడగడానికి నాకు నోరు రాలేదు. తక్కిన వాళ్లనందర్నీ అడిగాను. ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఆ తారీఖున సంగతి చెప్పగానే మేజిస్ట్రేటు తల ఎత్తకుండానే అన్నారు, "జామీన్‌దార్ ఎక్స్‌పైర్ హో గయే? తో ఫ్రెష్ ష్యూరిటీ లాయియే. లంచ్ తక్." కొత్త పూచీ తేవడానికి లంచ్ దాకానే గడువు. వరండాలో కానిస్టేబుల్ నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. అప్పుడు కనిపించారు ఆంటీ, నలిగిన చీరలో, చంకలో ఫ్లాటు కాగితాల కవరుతో, గోడ పట్టుకుని నడుస్తూ.

"వాడి తారీఖుంది, గుర్తు చెయ్యమని పోయే ముందురోజు కూడా మీ సార్ అన్నారు నాన్నా" అన్నారు. "పెద్దకర్మ కాకుండా గడప దాటుతావేమిటని మా మరిది అరిచాడు. అరవనీ."

క్లర్కు కాగితం ముందుకు తోశాడు. "మాతాజీ, యహాఁ సైన్ కీజియే." ఆవిడ చేతిలో పెన్ను గడగడా వణికింది. నేను దూరంగా నిలబడ్డాను. మైలలో ఉన్న మనిషిని ముట్టుకోకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది.

"నాకూ భయమేగా నాన్నా. ఎన్నడైనా కోర్టు మొహం చూశానా?" అన్నారు ఆంటీ. "అలా చూస్తావేం, చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం వణుకుతూనే ఆవిడ పేరులోని తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే పూర్తి చేశాం.