విత్తనాల చేటలో పడిన ఓటు

కార్ల కంపెనీకి సర్కారు దుడ్లు ఇవ్వాలా వద్దా అని మా ఇంటి నడవలో తేల్చిన రోజు నవ్వీ నవ్వీ నాకు ఎక్కిళ్లు పట్టాయి. ఇప్పటికీ శెనక్కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ నవ్వు మళ్లీ వచ్చేస్తుంది.

మా కోడలు ధర్మవరం పిల్ల. మగ్గం ఇంట్లో పుట్టింది. హిందూపురం దారిలో చిన్న కార్లు చేసే కంపెనీలో సీట్లకు కవర్లు కుట్టేది. పొద్దున్నే కంపెనీ బస్సు మలుపులో నిలబడి హారన్ కొడితే, జడ సగం అల్లుకుని పరుగెత్తేది. ఆ ఏడు ముంగారు వానలకు ముందు కార్లు కొనేవాళ్లు తగ్గిపోయారట, బస్సు రావడం మానేసింది. పిల్ల ఇంట్లో కూర్చుని జడ చివరిదాకా నున్నగా అల్లుకునేది.

కంపెనీని సర్కారు నిలబెట్టాలని పనివాళ్లంతా అర్జీ రాశారు. మరుసటి రోజు మా కోడలే దాన్ని పెనుకొండ సర్కారు ఆఫీసులో ఇవ్వాలి. ఊరంతా సంతకాలు పెట్టింది, మా ఆయన తప్ప.

"సొంత మామే పెట్టకపోతే నేను ఏ మొగంతో పోయేది?" అని పిల్ల కండ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ రోజే ధర్మవరం నుంచి మా వియ్యంకుడు, అంటే కోడలి తండ్రి, చూసిపోదామని వచ్చాడు. వచ్చినవాణ్ని ఊరికే వదలుతామా? విత్తనం శెనక్కాయలు ముందు పోసి కూర్చోబెట్టాం. ఒలిచిన దాంట్లో మంచి గింజ చేటలోకి, ముడతపడిందీ పుచ్చిందీ గిన్నెలోకి, నలిగింది నోట్లోకి. అదీ మా పద్ధతి.

"కార్లోళ్లకు నా దుడ్లు ఏంటికియ్యాల?" అని మొదలుపెట్టాడు మా ఆయన. "నేను కారెక్కిందే మా పెండ్లికి ఒక్కసారి. దాన్నీ నేనే నెట్టినా."

"నెట్టింది మా అన్న. నువ్వు లోపల కూచోని బాసింగం సర్దుకుంటాంటివి," అన్నాను.

వియ్యంకుడు పడిపడి నవ్వాడు గానీ, "నేనూ వద్దనే అంటా బావా. మా మగ్గాలు మూలబడినప్పుడు ఎవురొచ్చినారు?" అన్నాడు.

"నాయనా! నా ఇంటికొచ్చి నా కూడే తిని నా కడుపు మీదనే కొడతాండావా?" అని కూతురు శెనక్కాయల పొట్టు తీసి ఆయన నెత్తిన పోసింది.

నేను ఊరుకోలేదు. మా పెళ్లయిన కొత్తలో రోగమొచ్చి మా దొడ్డిలో గొర్రెలన్నీ పోయాయి. అప్పుడు గొర్రెలున్న ప్రతి ఇంటివాళ్లూ తలా ఒక ఆడగొర్రె తెచ్చి మా దొడ్డిలో తోలారు. అది ఈనాక మొదటి ఆడ గొర్రెపిల్లను వాళ్లకు తిరిగి ఇవ్వాలి, అంతే. ఆ సంగతి గుర్తు చేశాను.

"అది వేరేమే! ఆళ్లు నన్నెరుగుదురు. నేను పిల్లల్ని వాపసిస్తి. ఈ కంపెనీ ఏమిస్తాది? లావైనాక మనల్ని తిరిగి గూడా చూడదు."

"అయితే వాపసియ్యాలని ఆ అర్జీలోనే రాద్దాం మామా."

"రాసినా చేయరమ్మీ."

మాట తెగలేదు. అప్పుడు వియ్యంకుడే అన్నాడు: "ఓటేద్దాం. తలా ఒక కాయ ఒలిచి, ఒక్కో గింజ ఒకేసారి వేయాల. చేటలో పడితే ఇమ్మని. గిన్నెలో పడితే వద్దని."

నలుగురం చిటుక్కుమని ఒలిచాం. "వద్దంటే వద్దు!" అని అరుస్తూ మా ఆయనా వేశాడు. చూస్తే ఎర్రగా, బొద్దుగా ఉన్న ఆయన గింజ చేటలో పడింది! గిన్నెలో పడిన ఓటు వియ్యంకుడిది ఒక్కటే.

"ఏమప్పా బావా, నోరొకటంటాంటే చేయి ఇంకోటి చేస్తాండాదే!"

"గింజ బాగుండాది గదబ్బా! బంగారట్ల గింజను పుచ్చుల్లో ఎట్లేసేది?" అని మా ఆయన తెల్లమొహం వేశాడు. నలభై ఏళ్లుగా అలవాటుపడిన చేయి మరి.

"నేనూ అదే చెప్తాండా మామా," అంది కోడలు. "కంపెనీలో కుట్టేటోళ్లు గూడా బాగుండారు. ఆళ్లను పుచ్చుల్లో వేయొద్దనే."

వియ్యంకుడు గిన్నెలోంచి తన గింజ తీసి నోట్లో వేసుకుని, "నా ఓటు నేనే తినేస్తి," అన్నాడు. నాకు ఎక్కిళ్లు అప్పుడే మొదలయ్యాయి.

మా ఆయన సంతకం పెట్టాడు. కానీ దానికి ముందు కోడలి చేత ఒక మాట రాయించాడు: కంపెనీ కోలుకున్నాక మొదటి గొర్రెపిల్ల మాదిరి సర్కారు సొమ్ము వాపసివ్వాలి, అందాకా పనివాళ్లలో ఒక్కరినీ ఇంటికి పంపకూడదు. పెనుకొండ ఆఫీసరు అర్జీలో ఆ గొర్రెపిల్ల మాట దగ్గర ఆగి, ఇదేమిటని అడిగాడట. వెంట పోయిన మా ఆయన భోజనాల వేళ దాకా ఆ గొర్రెల కథ చెప్పాడట.

విత్తనం వేసి మొలకలొచ్చాక ఒక పొద్దున మలుపులో హారన్ మోగింది. సర్కారే ఇచ్చిందో, కంపెనీయే సర్దుకుందో మాకెవరూ చెప్పలేదు. పిల్ల సగం జడతో పరుగు. మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని, పంచె ఎగగట్టి, వెనకాలే మా ఆయన పరుగు.

"అమ్మీ, గొర్రెపిల్లను వాపసియ్యాలని ఆళ్లకు మళ్లా ఒకసారి చెప్పు!"

బస్సులో వాళ్లందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నవ్వారు.