వేలూరు వంటగది, గుడియాత్తం మగ్గం: చెల్లెలి బతుకుతెరువు కోసం రెండు ఊళ్ళు చూసిన రోజు

నగరి దగ్గర మా చెల్లెలు మంజుల, ఆమె భర్త దామోదరం పనిచేసే మరమగ్గాల షెడ్డును దాని యజమాని మూసేసి, మగ్గాలను పాత ఇనుముకు అమ్మేశాడు. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఆ షెడ్డులోనే పనిచేశారు. తరువాత కొన్ని నెలలు దొరికిన పనల్లా చేశారు గానీ అది నిలకడ కాదని తెలిసిపోయింది. ఇంతలో రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. వేలూరులో పెద్ద ఆసుపత్రి వెనక సందులో బెంగాలీ మెస్ నడుపుతున్న మాలతి అనే ఆమె వంటకు రమ్మంది. గుడియాత్తంలో దామోదరం చిన్నమ్మ పాపమ్మ ఉంటున్న వీధిలో, మగ్గంతో సహా ఒక ఇల్లు ఖాళీ అయింది. రెండు చోట్లా ఆదివారం సాయంత్రంలోగా మాట చెప్పమన్నారు. దామోదరం మనసు గుడియాత్తం మీదే ఉంది, నాదీ అంతే. మంజుల మాత్రం రెండూ కళ్ళతో చూడనిదే మాట ఇవ్వనంది. మా వైపు నుంచి ఇలా బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి, ఒక్క రోజులో రెండూ ఎలా చూడవచ్చో, మేము ఏమేం చూశామో రాస్తున్నాను.

చిత్తూరులో మా ఇంటి నుంచి తెల్లవారుజామునే బయలుదేరి ఆరు గంటల బస్సు ఎక్కాము. వేలూరుకు గంటకు పైగా పడుతుంది. మనిషికి టికెట్టు అరవై రూపాయల లోపే. మంజుల ఆధార్ కార్డు తీసి కండక్టర్‌కు చూపించింది.

"దాన్ని లోపల పెట్టుకోమ్మా," అన్నాడు కండక్టర్. "రాష్ట్రం దాటే బండికి ఉచితం లేదు."

"రాష్ట్రం దాటినాక మేము ఆడోళ్ళం కాకుండా పోతామా నాయనా?" అని మంజుల అడిగితే బస్సులో సగం మంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రోజూ ప్రయాణంలో చెప్పుకునే నామాలు మొదలుపెట్టాను గానీ మధ్యలో ఎక్కడున్నానో తెలియక రెండుసార్లు మొదటికి వచ్చాను. కిటికీ మూస్తే ఉక్కగా ఉంది, తెరిస్తే చలిగా ఉంది. కాట్పాడి దాటేసరికే సంచి సర్దుకుని దిగడానికి లేచి నిలబడ్డాను. బస్టాండ్ ఇంకా రాలేదని మంజుల చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

బస్టాండ్ నుంచి ఆసుపత్రి వైపు ఆడవాళ్ళకు టికెట్టు లేని టౌన్ బస్సులు ఉన్నాయి. అది తెలియక మేము ఆటో ఎక్కి నూరు రూపాయలు ఇచ్చాము. ఆటో అతను మా మాట విని తెలుగులోకి దిగాడు. "ఎవరికమ్మా ఒళ్ళు బాగలేదు?"

"ఎవరికీ లేదప్పా. పని చూసుకోవడానికి వచ్చినాము," అంది మంజుల.

"అట్నా! ఆ సందుకు రోగం లేకుండా పోయేవాళ్ళు పోలీసులు, మీరూ," అన్నాడు.

ఆ సందు నాకు వేరే రాష్ట్రంలా కనిపించింది. బోర్డుల మీద బెంగాలీ అక్షరాలు. అద్దెకు స్టవ్వులు, గిన్నెలు, పరుపులు ఇచ్చే కొట్లు. రైలు టికెట్లు తీసేవాళ్ళు, ఊరికి డబ్బు పంపేవాళ్ళు. అప్పుడే దిగిన చేపల బుట్టలు. నేను చేపలూ మాంసమూ వదిలేసి చాలా ఏళ్ళయింది. ఆవనూనె వాసనకే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. దామోదరం ఆపరేషన్ కోసం వచ్చినప్పుడు మంజుల ఇక్కడే, మాలతి మెస్ పైన గదిలో ఉంది. వంటమనిషి ఊరికి పోతే ఊరికే కూర్చోలేక వంటలో సాయం చేసింది. అప్పుడు కుదిరిన స్నేహం ఇది.

"వా మొంజులా, వా!" అంటూ మాలతి చేతులు కడుక్కోకుండానే ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి. తమిళం, హిందీ కలిపి గబగబా మాట్లాడుతుంది. నాకు అర్థమైనంతవరకు తెలుగులో పెడుతున్నాను. నా ముఖం చూసి, చెప్పకుండానే నన్ను చేపల పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, వేరే బాణలిలో పూరీలు వేయించింది. ఆలుగడ్డ కూరతో కలిపి నలభై రూపాయల పలహారం. మా దగ్గర తీసుకోలేదు.

ఆమె మాల్దా వైపు నుంచి అత్తగారి వైద్యానికి వచ్చింది. అత్తగారు కోలుకుని ఊరికి వెళ్ళింది, కోడలూ కొడుకూ ఇక్కడే ఆగిపోయారు. ఈ సందులో అన్నం పెట్టేవాళ్ళు చాలామంది అలా వచ్చినవాళ్ళేనట. "సొంత ఇల్లు ఉందా?" అని అడిగాను.

"ఈ సందులో మా వాళ్ళలో ఎవరికుంది దీదీ? అందరం అద్దెకే. ఇంటివాళ్ళు పొమ్మంటే గిన్నెలు నెత్తిన పెట్టుకుని పోవాలి." నవ్వుతూనే చెప్పింది. దుర్గా పూజ రోజుల్లో రోగులు రారు, వంటమనుషులకు సగం కూలే. సెలవు అనే మాట లేదు. మంజులకు, దామోదరానికి ఇచ్చే గది మెట్ల కింద ఉంది. నేను లోపల నిలబడితే తల పైకప్పుకు తగిలింది. "ఇంకొకటి కూడా చెప్పాలి," అని మాలతి గొంతు తగ్గించింది. "పొద్దున మన చేతి అన్నం తిన్న మనిషి సాయంత్రానికి ఉండడు. వాళ్ళ వాళ్ళు ఈ మెట్ల మీదే కూర్చుని ఏడుస్తారు. మొంజులా చూసింది, ఆమెకు తెలుసు."

"మరి నా కూలి సంగతి?" అని మంజుల సూటిగా అడిగింది.

"ఆదివారం, ఆదివారం. నీది నీకు. గదులకు నీళ్ళు మోసి, సరుకులు తెస్తే మీ ఆయనది ఆయనకు."

మాలతి కూతురు స్కూలు పుస్తకం తెచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్లకు తమిళం బాగా వచ్చు, బయట బోర్డు మీది బెంగాలీ అక్షరాలు మాత్రం చదవలేదు. దాని గురించి మాలతి కొంచెం బాధగా చెప్పింది. నేను సరిగా వినలేదు. ఆ మెట్ల కింద గదిలో మా చెల్లెలు ఎలా పడుకుంటుందా అని ఆలోచిస్తూ లేచీ కూర్చుంటూ ఉన్నాను.

కోట లోపల జలకంఠేశ్వరుని దర్శనానికి అరగంట కేటాయించుకున్నాము. ఆసుపత్రి నుంచి నడిచి వెళ్ళవచ్చు. మామూలుగా ఆ రాతి మండపంలో కూర్చుంటే నాకు కదలబుద్ధి కాదు. ఆ రోజు దీపం వెలిగించి, చెల్లెలు మన మనుషుల మధ్య ఉండేలా చూడు స్వామీ అని ఒక్క మాట అనుకుని వెంటనే చెప్పుల దగ్గరకు వచ్చేశాను. పక్కన మంజుల ఏం మొక్కుకుందో అడగలేదు.

వేలూరు నుంచి గుడియాత్తానికి తరచుగా బస్సులున్నాయి. పళ్ళికొండ మీదుగా గంటకు పైగా పడుతుంది, టికెట్టు నలభై లోపు. రైలు కూడా ఉంది గానీ అక్కడ స్టేషన్ ఊరికి దూరం, మళ్ళీ ఆటో కావాలి. మేము ఒంటి గంటకు పాపమ్మ ఇంటికి చేరాము. సన్నటి వీధి, రెండు వైపులా ఆనుకుని ఉన్న ఇళ్ళు, కొన్నింట్లోంచి మగ్గం చప్పుడు. తలుపు తీస్తూనే, "రాండి రాండి, ఎండలో యాడ తిరగతా ఉండారు?" అని తెలుగు వినపడేసరికి నా ప్రాణం కుదుటపడింది.

పాపమ్మ భర్త గోవిందప్ప ముందు గదిలో గుంటమగ్గం మీద లుంగీలు నేస్తాడు. ఆయన పూర్వీకులు తెలుగు దేశం నుంచి ఎప్పుడు వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. ఇది తన తాతల ఇల్లని గోడ తట్టి చూపించాడు. నిజమే, మాలతి సందులో ఎవరూ అలా గోడ తట్టి చూపించలేరు. కానీ గోడలకు పెచ్చులు ఊడుతున్నాయి. వీధిలో సగం మగ్గాలు నిలిచిపోయాయి. కొడుకులు ఆంబూరు వైపు చెప్పుల కంపెనీలకు పోతున్నారు, కోడళ్ళు బీడీలు చుడుతున్నారు. మంజుల కోసం చూసిన పక్కిల్లు కూడా అలా ఖాళీ అయిందే. రెండు గదులు, పెరట్లో బావి, వెలుతురు బాగా ఉంది. వీధి చివర అమ్మవారి గుడి. ఇంకేం కావాలి అనుకున్నాను.

భోజనాలయ్యాక గోవిందప్ప లెక్క వివరించాడు. "నూలు షావుకారు ఇస్తాడు. మగ్గానికెక్కించిన ఒక పడుగు నేసి దించితే కూలి చేతికొస్తాది. దామోదరం చెయ్యి మంచి చెయ్యి. కష్టపడితే నెలకు మూడు పడుగులు, ఇల్లు గడిచిపోతాది." ఆయన చెప్పిన మొత్తం మాలతి మంజులకు ఇస్తానన్న దానికన్నా ఎక్కువే. నేను సంతోషంగా చెల్లెలి వైపు చూశాను.

"అది ఒకరికా మామా, ఇద్దరికా?" అంది మంజుల.

"అదేందమ్మా! మగ్గానికి. మగ్గం ఒకటే కదా."

"మరి కండెలు చుట్టేది, నూలు ఆరబెట్టేది, పోగులు అతికేది?"

"అవి ఇంట్లో ఆడోళ్ళు చేసుకుంటారు," అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆయనకు నిజంగా అర్థం కాలేదు.

మంజుల లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ముఖం చూసి నేనూ వెనకే వెళ్ళాను. పాపమ్మ అంట్లు పక్కన పెట్టి అప్పుడే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెకు నూలు అందించే చిన్న కండెలు అవి. అవి ఆగితే మగ్గమూ ఆగుతుంది. చూడకుండానే చుడుతోంది. అరవై దాటిన ఆ చేతులు రాట్నంతో పాటు తిరుగుతున్నాయి.

"అత్తా, దీనికి నీకెంత ఇస్తారు?" అని మంజుల పక్కన కూర్చుని అడిగింది.

"నాకా?" పాపమ్మ పకపకా నవ్వింది. "అడుగు పో, మీ మామని అడుగు. ఇంటి పనికి కూలి యాడుండాది అమ్మా! నలభై ఏండ్లుగా చుట్టతా ఉండాను, ఒక్క రూపాయి నా పేరుతో రాలేదు."

"వీధిలో బీడీలు చుట్టేవాళ్ళకు వస్తాది కదా."

"వాళ్ళకు వారం వారం వస్తాది. నేను బీడీకి పోతే కండెలు ఎవరు చుట్టేది? మగ్గం నిలిచిపోదా?" అంటూ రాట్నం ఆపి కుడి చెయ్యి చాపింది. మణికట్టు దగ్గర కాలిన పాత మచ్చ ఉంది. "గంజి ఒలికి కాలినాది. అప్పుడు మీ మామ పక్కింటి వనజను కండెలకు పెట్టుకున్న్యాడు. ఆ పిల్లకు వారం తిరిగేసరికి కూలి ఇచ్చేసేవాడు, ఒక్క వారం తప్పలేదు. నా చెయ్యి సరి అయిపోయినాక వనజను నిలిపేసినాడు. మళ్ళా నేనే, చుమ్మా."

చుమ్మా అంటే ఊరికే, ఉత్తినే అని. ఆ మాట అని మళ్ళీ నవ్వింది, ఈసారి చప్పుడు లేకుండా. మంజుల ఆమెతో పాటు నవ్వలేదు. పాపమ్మ చేతిలోని నూలు తీసుకుని, మిగిలిన కండెలన్నీ తానే చుట్టిపెట్టింది. నేను తలుపు దగ్గర కూర్చోలేకా నిలబడలేకా ఉండిపోయాను.

గుడియాత్తం నుంచి పరదరామి మీదుగా చిత్తూరుకు నేరుగా బస్సులున్నాయి, మళ్ళీ వేలూరు వెళ్ళనక్కరలేదు. గంటన్నర ప్రయాణం. నాలుగు గంటలకు బస్టాండుకు వచ్చాము. సాగనంపడానికి పాపమ్మ కూడా నడిచి వచ్చింది. అక్కడ బెంచీ మీద నేను చివరిసారిగా చెప్పి చూశాను. "ఇక్కడ మన భాష, మన మనుషులు. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. అక్కడ ఆ చేపల కంపులో, మెట్ల కింద..."

"అక్కా," అంది మంజుల, "షెడ్డులో నేను పదిహేనేండ్లు నా కూలి నేను తీసుకున్న్యా. ఆ ఇల్లు బాగుండాది, నేను కాదనలే. ఆ ఇంట్లో నాకేముండాది చెప్పు."

ఆమె ముందు దామోదరానికి ఫోన్ చేసింది. అవతల ఏమన్నాడో వినపడలేదు గానీ చాలాసేపు ఈమె "ఊఁ, ఊఁ" అంటూ విన్నది. చివరికి, "నువ్వు మగ్గమే నేయాలనుకుంటే నేయి. నేను కండెలు చుట్టేదానికి వారం వారం నువ్వు నాకు కూలి ఇస్తావా? ఇస్తానంటే ఇప్పుడే మామకు సరేనంటా," అంది. దామోదరం దానికి సరేననకుండా, వేలూరులో తన పనేమిటని అడిగినట్టున్నాడు. "గదులకు నీళ్ళు మోయాల, సరుకులు తేవాల. నీది నీ చేతికే," అని ఈమె జవాబిచ్చింది. తరువాత మాలతికి ఫోన్ చేసి, బుధవారం వస్తున్నామని చెప్పింది.

పక్కన నిలబడిన పాపమ్మ ఇదంతా వింటూనే ఉంది. తన భర్త పిలుపును కాదన్నందుకు కోపగించుకుంటుందేమోనని నేను భయపడ్డాను. చిత్తూరు బస్సు వచ్చింది. మేము ఎక్కి కూర్చున్నాక ఆమె కిటికీ దగ్గరకు వచ్చి, కమ్మీ పట్టుకుని, మంజులను నెమ్మదిగా అడిగింది.

"ఆ వేలూరులో... నా మాదిరి ముసలిదానికి పని ఇస్తారా?"

"అడుగుతా అత్తా. నిజంగానే వస్తావా?"

"రాను లేమ్మా, యాడొస్తా!" అంది పాపమ్మ. బస్సు కదిలింది. నాలుగడుగులు పక్కనే నడిచింది. "ఎంత ఇస్తారో మాత్రం అడిగి చెప్పు!"

ఇది జరిగి కొన్ని నెలలయింది. మంజుల మెట్ల కింద గదిలోనే ఉంది. మొన్న పూజల నెలలో సగం కూలితో ఇబ్బంది పడింది. దామోదరం ఇప్పటికీ అప్పుడప్పుడు గుడియాత్తం పేరు తీస్తాడట. ఏ ఊరు మేలని నన్నడిగితే ఈనాటికీ చెప్పలేను. తాతల నాటి ఇళ్ళున్న వీధి గట్టిదనే అనుకునేదాన్ని. అద్దె సందులో మనుషులు గాలికి పోయే రకం అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను, ఇంకోలా అనుకోవడమూ కుదరడం లేదు. పూజ దగ్గర కూర్చున్నా పాపమ్మ మాట గుర్తొస్తుంది. మంజుల మాలతిని అడిగి ఆ మొత్తం ఎంతో పాపమ్మకు ఫోన్‌లో చెప్పిందట. ఆమె విని, ఇంకోసారి చెప్పించుకుని, పెట్టేసిందట.

మీరూ ఇలాగే బతుకుతెరువు కోసం ఊరు చూడటానికి వెళ్తుంటే ఒక్క మాట. ఇల్లూ వీధీ చూశాక, మగవాళ్ళు ముందు గదిలో లెక్కలు చెబుతున్నప్పుడు, ఆ ఇంటి ఆడమనిషి పక్కన వంటింట్లో అరగంట కూర్చోండి. రోజంతా ఏమేం చేస్తుందో, దానికి తన చేతికి ఏం వస్తుందో ఆమెనే అడగండి. బస్సు వేళ చూసుకుని, ఆ అరగంటకు తీరిక ఉండేలా వెళ్ళండి.