కిరాయి గదిలో చప్పుడు

వేల్పూరు భోజన్న పొద్దుగూకగానే చీకట్లో కూర్చుని ఎముకలు కొరుకుతున్నాడని కంఠేశ్వర్ వాడలో పుకారు పుట్టింది.

మరునాడు గంజ్ మార్కెట్లో పని ఉండి, ఆ సాయంత్రం అతను ఒక్కడే ఊరి నుంచి బండి తోలుకొని వచ్చి రుక్మాబాయి కిరాయి గదిలో దిగాడు. దీపం పెట్టలేదు. తలుపు వెనక ఫట్‌మని ఒక చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఫట్.

“దయ్యాన్ని తెచ్చి పెట్టుకున్నవ్ రుక్మక్కా! ఎల్లగొడ్తవా, మమ్మల్నే పొమ్మంటవా?” అంది పక్క గది నాగవ్వ.

రుక్మాబాయి తలుపు కొట్టి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది. లోపల పలుకు లేదు, చప్పుడు మాత్రం ఆగలేదు. తలుపు తోసింది. మసక చీకట్లో భోజన్న గోడవైపు తిరిగి, దేన్నో పళ్ల మధ్య పెట్టి విరుస్తున్నాడు. చేతులు మణికట్ల దాకా పచ్చగా ఉన్నాయి. భుజం తట్టగానే ఉలిక్కిపడి లేచాడు. ఒడిలోంచి పసుపు కొమ్ములు జలజలా రాలాయి.

“ఎండినయా లేదా అని సూస్తున్న అవ్వా. పంటికే తెలుస్తది. రేపు గంజ్‌ల తడి ఉన్నదంటే బండి తిప్పుకొని పోవుడే.”

వెళ్లగొట్టడానికి వచ్చిన రుక్మాబాయి లాంతరు తెచ్చిపెట్టి వెళ్లింది.

“పసుపే అయితే, పిలిస్తే పలకడానికేం రోగం?” అని నాగవ్వ ఇప్పటికీ అంటుంది.

మూడేళ్ల కిందటి జ్వరంలో భోజన్నకు రెండు చెవులూ పోయాయి.