మీసాల రొయ్య తలకాయల పులుసు

మా వదినె, అంటే మా ఆయన అక్క, వనపర్తి మనిషే. సముద్రం పక్క ఊరికి కాపురం పోయి పదేళ్లు దాటేసరికి, కృష్ణా నది చేపకు రుచే లేదనే దాకా వచ్చింది. మొన్న వేసవిలో గద్వాలలో మా ఇంటికి వస్తూ మంచు నింపిన డబ్బాలో నాలుగు లాబ్‌స్టర్లు తెచ్చింది. ఒక్కోటి జానెడు పైనే, మీసాలు అంతకు రెట్టింపు.

"నువ్వు ముట్టుకోకు. ఇవి వండడం ఇక్కడివాళ్లకు రాదు. కాసేపు పడుకుని లేచి నేనే వండుతాను" అంది. నాకు ఒళ్లు మండింది. నా వంటింట్లో నాకు రాని పని ఉందని ఇంకొకరు చెబితే నాకు పడదు. అయితే ఆ పని నిజంగానే నాకు రాదు, అది ఇంకా మంట.

అమ్మ మానవపాడు దగ్గరి మా ఊరి నుంచి వచ్చి వారమైంది. వదినె అలా పడుకోగానే డబ్బా మూత తీసి చూసింది.

"మీసాల రొయ్యలు" అంది, చాన్నాళ్లకు కనబడిన చుట్టాన్ని పలకరించినట్టు.

"నీకు వస్తదా అమ్మా?"

"రాకేంది. జర చింతపండు నానవెట్టు."

పెళ్లిమాటలప్పుడు మాది వ్యవసాయం అని చెప్పాను. వానలు పడ్డ ఏడు అది నిజమే. పడని ఏళ్లలో అమ్మానాన్న ఊళ్లో సగం మందితో కలిసి వలస పోయేవాళ్లు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక చేపల రేవులో గోడ కట్టే పనికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయారు. ఈ సంగతి మా ఆయనకు తెలుసు. అత్తగారింట్లో ఇంకెవరికీ చెప్పలేదు. చిన్నచూపు చూస్తారని భయం అనుకునేదాన్ని. టీచరునై ఇన్నేళ్లయినా పోలేదంటే అది భయం కాదు, సిగ్గు.

అమ్మ పీట వేసుకుని కూర్చుంది. తల ఒక చేత, తోక ఒక చేత పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే రెండూ విడిపోయాయి. ఒక మీసం తుంచి, తోక చివర గుచ్చి, తిప్పి లాగితే నల్లటి పేగు తెగకుండా బయటికొచ్చింది. తలల్లోంచి మొప్పలు తీసేసింది. సన్న కాళ్లు రోట్లో దంచి రసం వడకట్టింది. నువ్వులు, పల్లీలు వేయించి నూరింది. ఈమెకు వండడం నేర్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. నేను జొన్నరొట్టెలు కొడుతూ లోలోపల నవ్వుకున్నాను.

పులుసు వాసనకే వదినె లేచి వచ్చింది. కంచాల ముందు కూర్చున్నాక గరిటెతో గిన్నె అడుగు దాకా కలిపింది.

"తోకలేవి అత్తమ్మా? కండంతా అందులోనే కదా ఉండేది."

గిన్నెలో తలలే ఉన్నాయి. అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను లేచి డబ్బా మూత తీశాను. నాలుగు తోకలూ శుభ్రంగా కడిగి, వరసగా పేర్చి, పైన మంచు కప్పి ఉన్నాయి.

చూడగానే అర్థమైంది. రేవులో గోడ పని లేని రోజుల్లో అమ్మ రొయ్యల షెడ్డుకు పోయేది. అక్కడ తోకలు మంచులో పెట్టి కంపెనీకి పంపేవాళ్లు. తలలు గంపలో పడేసేవాళ్లు. సాయంత్రం ఆ తలలు కొంగున కట్టుకొస్తే మాకు పండగ. ఎన్ని తోకలు తిప్పిందో లెక్కే లేదు, ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. ఇన్నేళ్లకు కన్నబిడ్డ ఇంట్లో కూడా ఆ చేతులు తోకలను ఎవరికోసమో ఎత్తిపెట్టాయి.

"మర్చిపోయిన బిడ్డా, మతి లేకపాయె" అంది అమ్మ వదినెతో, నా వైపు చూడకుండా. నా అబద్ధాన్ని తన మీద వేసుకుంటోంది. ఇక నా వల్ల కాలేదు.

"మరుపు కాదు వదినె. మా అమ్మ కూలికి పోయిన కాడ తోకలు కంపెనీకి, తలకాయలు కూలోళ్లకు. గవి తినే పెరిగిన నేను. సముద్రం ఆగేటట్టు గోడ కట్టిండ్రు మా అమ్మ, నాయిన."

చెప్పాక నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. తగ్గించాలనిపించలేదు.

వదినె రొట్టె తుంచి పులుసులో ముంచి తింది. ఒక తలను చప్పరించింది. రెండో రొట్టె వేసుకుంది. పదేళ్లుగా నేర్చిన ఆ ఊరి యాస ఎటు పోయిందో, "ఇంక జర పొయ్యి అత్తమ్మా. మా కాడ ఈ తలకాయలు పారేస్తరు, తెల్వక" అంది. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత వెలగలేదు.

నేను తోకలు చీల్చి, నెయ్యి, మిరియాల పొడి వేసి వేయించి, మొదటిది అమ్మ కంచంలో పెట్టాను. వద్దంది. నేను వినలేదు. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. అందరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"గీ సప్పటి దానికా గంత మంచు పోసి పంపిరి" అని తోకను పక్కకు జరిపి, గిన్నెలోంచి ఒక తలకాయ వేసుకుంది.