మా ఆయన మోకాలికి నేను పెట్టిన జబ్బు

మా ఇంట్లో ఏం జరిగిందో వినండి, తర్వాత నవ్వుతారో ఏడుస్తారో మీ ఇష్టం. పెండ్లయిన ఇన్నేండ్లకి మొదటిసారి మొగుడూ పెండ్లాం కలిసి రిసార్టుకు పోదామని ప్లాన్ వేసింది నేను. ఫోన్ చేసింది నేను, రూమ్ బుక్ చేసింది నేను, ట్రంకుపెట్టెలోంచి స్వెట్టర్లు తీసి ఎండబెట్టింది నేను. ఇప్పుడు మా ఆయన రిసార్టులో ఉండాడు. నేను మంచంలో ఉండా. నా మోకాళ్ళు రెండూ పనసకాయలంత అయినాయి. ఎక్కువ చెప్తాండానని అనుకుంటే, సరే, చిన్న పనసకాయలనుకోండి.

ఆయన పక్కన వేరే ఆడమనిషి ఉండాది. కంగారు పడొద్దండి, ఎవరో చెప్తా.

మా ఆయన పేరు చెంగల్రాయుడు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయినాడు. ఆ మలుపుల్లో ఆయన బస్సు తిప్పిన తిప్పుడుకు కొండ అరిగి కొంచెం పొట్టిదయిందని నా అనుమానం. బస్సులో జనమంతా కిటికీలోంచి చూసి అబ్బ, ఏం కొండలు, ఏం లోయలు అంటాంటే, ఈయనకు కనిపించేది ముందు పోయే బస్సు వెనక భాగం ఒకటే.

ఒకరోజు పొద్దున టీవీలో థీమ్ పార్కు అడ్వర్టైజ్‌మెంటు వచ్చినాది. మనుషుల్ని కుర్చీలకు కట్టేసి పైకీ కిందికీ తిప్పుతాండారు. ఈయన కాఫీ తాగేది ఆపేసినాడు.

"సుగుణా, దాంట్లో డ్రైవరు యాడ కూచుంటాడు?"

"డ్రైవరుండడు. అదే తిరుగుతాది."

"అయితే మలుపొచ్చినా మనమేం చేయాల్సిన పన్లేదా?"

"అరిస్తే చాలు."

కాఫీ చల్లారిపోయినాక మెల్లగా అన్నాడు, "నాకొకసారి అట్ల కూచోవల్లని ఉండాది."

ఈ మనిషి నన్ను ఇంతవరకూ ఏదీ అడిగినోడు కాదు. మాకు పిల్లల్లేరు. ఉంటే వాళ్ళ సాకుతోనన్నా ఎప్పుడో ఒకసారి అట్లాంటి చోటికి పోయుందుము. గేటు దగ్గర ఎవరో ఒకరు "మీ పిల్లలేరీ" అని అడుగుతారని, ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరం అటువైపు తిరిగి చూసేది మానేసినాం. ఈసారి ఎవురేమడిగినా సరే, మా ఆయన్ని ఆ కుర్చీలో కూచోబెట్టాల్సిందే అనుకున్నా.

బెంగుళూరు దారిలో అట్లాంటి పార్కుతో కలిసి ఒక రిసార్టుండాదని తెలిసి ఫోన్ చేసినా. ఆడ పిల్ల ముద్దుగా మాట్లాడినాది.

"ఎంతమంది మేడమ్?"

"ఇద్దరం."

"కిడ్స్?"

"మేమే."

నవ్వినాది. "డిసెంబర్లో బాగా చలిగా ఉంటది మేడమ్. వాటర్ రైడ్స్‌లో వణికిపోతారు."

"వణకడానికి మాకు సీజనేం లేదమ్మా, బుక్ చెయ్యి" అన్నా. డబ్బులు ముందే కట్టినాం. తేదీ ఒక్కసారి మాత్రం మార్చుకోవచ్చంట.

అంతా సరే గానీ, తిరుపతిలో కాపురముండేవాళ్ళ కష్టం మీకు తెలీదు. మా ఇల్లు తిరుచానూరు రోడ్డులో, లాడ్జీల మధ్యలో బోర్డు లేని లాడ్జి. దర్శనం టికెట్టు దొరికిన ప్రతి చుట్టానికీ మేము గుర్తొస్తాం. తాతల కాలంలో ఒక పెండ్లిలో మా పక్క విస్తట్లో తిన్నోళ్ళు గూడా వచ్చి స్నానం చేసి పోయినారు. మేము రిసార్టుకు పోవాల్సిన రోజులేమో సరిగ్గా ముక్కోటి ఏకాదశి ముందర. అనుకున్నంతా అయినాది, చిత్తూరు నుంచి రాజమ్మ వదిన ఫోన్ చేసినాది.

రాజమ్మ వదిన మా ఆయనకు అక్క. మామిడి మండీ నడిపిన మనిషి. గొంతు ఎట్లుంటాదంటే, ఆమె చిత్తూర్లో మాట్లాడితే ఈడ ఫోన్ లేకపోయినా వినిపిస్తాది.

"సుగుణా, ముక్కోటికి టికెట్లు దొరికినాయి. మేమంతా వస్తాండాం. సంగట్లోకి ఊరిబిండి పచ్చడి నూరి పెట్టు."

ఆటల పార్కుకు పోతాండామని ఎట్ల చెప్పేది? పిల్లాజెల్లా లేని ముసలోళ్ళకు ఇదేం సరదా అని చిత్తూరంతా నవ్వుకుంటాది. అందుకని నోటికొచ్చింది చెప్పినా.

"ఈసారి వద్దు వదినా. మీ తమ్మునికి మోకాలు నొప్పి."

"అయ్యో, శానానా?"

ఆడ ఆపుండాల్సింది. మొగుడు ఇంతకాలం బ్రేకులు తొక్కినోడైనా నా నోటికి బ్రేకులు లేవు. "శానా అంటే ఏం చెప్పేది వదినా. గుమ్మడికాయ మాదిరి వాచిపోయినాది. మంచం దిగేదానికి లేదు. డాక్టరు చూసి, ఇట్లాంటి మోకాలు నా సర్వీసులో చూల్లేదని చెప్పి ఫోటో గూడా తీసుకున్నాడు."

వదిన టక్కున ఫోన్ పెట్టేసినాది. వదిన నోరు మూసుకున్నాదంటే నేను గెలిచినట్టే అనుకున్నా. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. దర్శనానికొచ్చేవాళ్ళను ఎట్లోకట్ల ఆపొచ్చు, జబ్బు మనిషిని పలకరించను వచ్చేవాళ్ళను బ్రహ్మదేవుడు గూడా ఆపలేడు.

పోయే రోజు పొద్దున ఈయన హుషారు చూడాల. వాటర్ రైడ్లకని కొన్న నిక్కరు, కొబ్బరిచెట్ల బొమ్మలున్నది, ఇంట్లోనే వేసేసుకున్నాడు. పైన స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాపు. కుర్చీ నడి ఇంట్లో వేసుకుని, కండ్లు మూసుకుని, మలుపొచ్చినప్పుడు చేతులు స్టీరింగ్ మీదికి పోకుండా ప్రాక్టీసు చేస్తాండాడు. అప్పుడు వాకిట్లో వ్యాను ఆగినాది. వదిన, కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు, దిగుతానే ఉండారు, వ్యాను ఖాళీ అయితేనా. అందరి చేతుల్లో బ్రెడ్డు, యాపిల్సు, గ్లూకోజు డబ్బాలు.

"పడుకో, పడుకో" అన్నా ఈయన్ని. బస్సు మలుపు తిప్పినోడు గదా, ఒక్క తిప్పుడుకు మంచమెక్కి రగ్గు కప్పుకున్నాడు.

వదిన వచ్చి నేరుగా రగ్గు లాగినాది. "యాడరా నొప్పి? ఇదేం నిక్కరురా, దీనిమీద కొబ్బరిచెట్లేంది?"

"కాలికి గాలి తగలాలంట వదినా, డాక్టరు రాసిచ్చినాడు" అన్నా.

"వాపు యాడుండాది?"

"లోపల."

ఈ లోపల మేము మాట్లాడిన కారు రానే వచ్చినాది. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి "సామాను పెట్టుకుందామా అమ్మా?" అన్నాడు. "ఈపొద్దు ఆస్పత్రికి రాలేం నాయనా, నువ్వు పో" అని పంపించేసినా. పాపం ఆ మనిషి తన కారు ఆస్పత్రి కారెప్పుడైనాదా అని దాన్నే చూసుకుంటా పోయినాడు.

అంతే, వదిన గొల్లుమన్నాది. "ఆస్పత్రి కారు ఇంటికే వచ్చిందంటే ఎంత ప్రాణం మీదికొచ్చిందో" అని ఏడ్చి, కొండ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కినాది. "స్వామీ, మా తమ్ముడు లేచి నడిస్తే, వాని పెండ్లాం చేత మోకాళ్ళ మెట్టు మోకాళ్ళతో ఎక్కిస్తా."

అలిపిరి నుంచి నడిచిపోయే దారిలో పైకి పోయినాక ఒక చోట మెట్లు గోడ మాదిరి నిలబడుంటాయి. మొక్కుకున్నోళ్ళు ఆడ మోకాళ్ళ మీద ఎక్కుతారు. మొక్కింది ఆమె, మోకాళ్ళు నావి. మా తిరుపతిలో మొక్కు ఒకసారి నోట్లోంచి వచ్చినాదంటే వెనక్కి తీసుకునేది లేదు, ఎవురు మొక్కినా సరే.

నా గతి చూడండి. ఆయనకు బాగైతే నేను మోకాళ్ళ మెట్టెక్కాల. బాగుకాకపోతే రిసార్టు లేదు. రిసార్టుకు ఫోన్ చేసి ముక్కోటి అయిన తర్వాతకి తేదీ మార్పించుకున్నా. ఆ ఒక్క మార్పూ అయిపోయినాది.

"ఏమయ్యా, మన చుట్టాలు పోయేదాకా కుంటు. వాళ్ళు చిత్తూరు చేరినాక లేద్దువు" అని చెప్పినా.

"అక్క నన్ను చూసి ఏడుస్తాంటే నాకు ఎట్లనో ఉండాది సుగుణా. నిజం చెప్పేద్దాం."

"ఇంత దూరం వచ్చినాక నిజం చెప్తే నన్ను కొండ మీది నుంచి తోస్తారు."

ముక్కోటి అయ్యేదాకా వాళ్ళు ఈడనే. నేను వండిన సంగటి ముద్దలు వరసగా పేరిస్తే రేణిగుంట దాకా వస్తాయి. ఈయనేమో మంచంలో యాపిల్ ముక్కలు తింటా, చిక్కిపోతాడనుకుంటే బొద్దుగా తయారైనాడు.

కడాకు వాళ్ళంతా దర్శనానికి పోయినారు. ఇల్లు ఖాళీ అయినాదని ఈయన లేచి, స్టూలెక్కి, అటక మీదుండే మురుకుల డబ్బా తీస్తాండాడు. దర్శనం ఇంత బిరీన అవుతాదని ఎవురనుకుంటారు? వదిన లోపలికొచ్చి చూస్తే, మంచం దిగలేని తమ్ముడు స్టూలు మీద నిటారుగా నిలబడి మురుకు నములుతాండాడు.

నా పని అయిపోయినాదనుకున్నా. వదినకు మాత్రం కండ్లల్లో నీళ్ళు. "గోవిందా, గోవిందా" అని ఆయన కాళ్ళు పట్టుకుని, "చూసినావా సుగుణా, నేను అట్ల మొక్కినా, ఆయన ఇట్ల లేపినాడు. రేపే మొక్కు తీర్చేద్దాం" అన్నాది.

మరుసటి రోజు మోకాళ్ళ మెట్టు. చలికి రాయి ఐసుగడ్డ మాదిరి ఉండాది. నేను ఒక మోకాలు పెట్టి ఇంకోటి పెట్టేలోపల యుగం మారిపోతాండాది. వదిన పక్కనే నడుస్తా ఫోన్లో వీడియో తీస్తాండాది. "నిదానంగా పో, తొందరేం లేదు."

ఈయన నీళ్ళ బాటిలు పట్టుకుని వెనక వస్తాండాడు. "అక్కా, నేనెక్కుతా, ఆమెను లెయ్యనియ్యి."

"నోరు మూసుకోరా. ఇప్పుడిప్పుడే బాగైన కాలు."

పైకి చేరేసరికి నా మోకాళ్ళు నావి కావు. మరుసటి రోజు పొద్దున చూస్తే గుమ్మడికాయలు. ఆయన మోకాలి గురించి వదినకు ఫోన్లో ఎట్ల చెప్పినానో అచ్చం అట్లనే. మంచం దిగేదానికి లేదు. రిసార్టుకని మాట్లాడిన కారు మళ్ళా వచ్చినాది. ఇంక దాచలేక, రిసార్టు సంగతి వదినకు చెప్పేసినా. మోకాలి సంగతి కాదండోయ్, రిసార్టు సంగతి మాత్రమే.

నవ్వుతాదనుకున్నా. నవ్వలా. నా మంచం అంచున కూచుని, "ముందే చెప్పుంటే మేము వద్దంటామా? ముక్కోటికి లాడ్జీలో దిగి ఉందుము. వానికి చిన్నప్పుడు నాయన రంగులరాట్నం ఎక్కించలేదే, పోయి రమ్మని నేనే పంపించి ఉందును" అన్నాది.

అప్పుడు నేను ఏడ్చినా. మోకాళ్ళ నొప్పనుకున్నాది.

"ఊరుకో. కట్టిన డబ్బులు దండగెందుకు చేసేది? నువ్వు రెస్టు తీసుకో, వానికి తోడు నేను పోతా" అని, నేను ఎండబెట్టిన స్వెట్టరు వేసుకుని కారెక్కినాది. ఈయన పోనని మొండికేసినాడు. నేనే బతిమాలి పంపించినా. నేను పోకపోయినా ఆయన ఆ కుర్చీలో ఒకసారి కూచోవల్ల గదా.

సాయంత్రం వదిన ముందు రూము ఫోటో పంపించి, తర్వాత పార్కులోంచి వీడియో కాల్ చేసినాది. రూములో మంచం మీద టవల్‌తో చేసిన రెండు హంసలు, చుట్టూ గులాబీ రేకులు. ఇది మాకు హనీమూన్ లాంటిదని ఆ ఫోన్ పిల్లకు చెప్పినానులేండి. అక్కాతమ్ముళ్ళకు అవి చూపించినారు. వదిన రేకులన్నీ ఏరి, దేవుని పటానికని గుడ్డలో మూట కట్టేసినాదంట. "భక్తి ఉండే హోటలు సుగుణా" అంటాండాది. పోయినప్పటి నుంచి రైడ్లన్నీ ఎక్కినాదంట. తలకిందులైనప్పుడంతా గోవిందా అని అరిస్తే, వెనక సీట్లోని కాలేజీ పిల్లోళ్ళు గూడా అరిచినారంట.

"ఆయన యాడ వదినా?"

ఫోన్ ఆయన చేతికిచ్చినాది. మంకీ క్యాపు లోపల మొగం ఇంతైపోయుండాది.

"ఏం చేస్తాండావు?" అన్నాడు.

"మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటాండా. నువ్వు?"

"కూచోనుండా."

"రైడ్లోనా?"

"బెంచీ మీద. అక్క ప్రతి గేటు దగ్గరా చెప్పేస్తాండాది, మా తమ్మునికి మోకాలు బాగలేదు, ఎక్కించొద్దండీ అని. వాళ్ళు గూడా శానా మర్యాదగా బెంచీ చూపిస్తాండారు."

నాకు నోట మాట రాలా. నా నోటికి మాట రాకపోవడం ఇదే మొదలు. ఆ పని కొంచెం ముందే చేసుంటే బాగుండు.