పాత వెర్షన్‌తో రమ్మనే మనిషి

నవంబర్, శనివారం. పొద్దున్నుంచి పొగ, ఎండ కనిపించలేదు. కూలర్ కడిగి, పాత దుప్పటి చుట్టి బాల్కనీ మూలకు జరిపాను.

పోయిన ఆదివారం మా టీమ్ లీడ్ గుండెపోటుతో పోయారు. నోయిడా ఆఫీసు నుంచి మేనేజర్ ఫోన్ చేసి చెప్పాడు. బాధపడటం పూర్తయ్యాక, “అచ్ఛా, ఇక మైగ్రేషన్‌కు అడ్డేం లేదు,” అన్నాడు. చావు కబురులోనే ప్రాజెక్టు ప్లాను కూడా ఇరికించగల మనిషి.

మాది సరుకు లారీలు బుక్ చేసే సంస్థ. వెబ్‌సైట్ అంతా పీహెచ్‌పీ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. అందులో చాలా భాగం ఆయన రాసిందే. దాన్ని పారేసి కొత్త జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాయాలని ఏడాదిగా గోల. ఏ ఫ్రేమ్‌వర్క్ అన్నది మాత్రం గోల చేసేవాళ్లకే నిలకడగా తెలియదు. వాళ్లకు పెద్ద, హైదరాబాద్ నుంచి వచ్చిన మా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. అతని ల్యాప్‌టాప్ మూత నిండా టూల్స్ స్టిక్కర్లు. వాటిలో సగం వాడినవి కావు, విన్నవి.

ఎవరు కొత్త టూల్ తెచ్చినా లీడ్ గారు ఒకటే అడిగేవారు. దాని పాత వెర్షన్‌లో మన బుకింగ్ పేజీ కట్టు. అందరి ముందూ ఇవాళ్టి వెర్షన్‌కు మార్చు. అప్పటికీ పేజీ నడిస్తే మాట్లాడుకుందాం.

“పెళ్లిచూపుల్లో అందరూ ముద్దుగానే ఉంటారయ్యా. కాపురం ఎలా ఉందో చూపించు,” అనేవారు, మరమరాలు నములుతూ.

చాలామంది మళ్లీ ఆ ఊసెత్తేవారు కాదు. ఒకమ్మాయి తెచ్చిన చిన్న టూల్ మాత్రం ఆ పరీక్షకు నిలిచింది. డ్రైవర్లు ఫోన్లో చూసుకునే పేజీకి వెంటనే దాన్నే పెట్టించారు. ఆమె పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నారు.

పాతదాన్ని పట్టుకు వేలాడేవాళ్లన్నా ఆయనకు అంతే చిరాకు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి, జియా సరాయ్ అద్దె గదిలో సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాణ్ణి. నన్ను పనిలో పెట్టుకుంది ఆయనే. ఒకసారి, “మనకి పీహెచ్‌పీ చాలు కదా సర్,” అన్నాను.

“నీకు వేరేది రాదు గనక చాలంటున్నావ్. అది కారణం కాదు బాబూ, భయం.”

ఆ భయం పోయేదాకా నన్ను వదల్లేదు.

నిన్న ఆఫీసులో సంతాప సభ. పెద్ద తెర మీద ఆయన ఫోటో. తర్వాతి స్లైడ్, వెబ్‌సైట్ తిరగరాయడానికి ఆమోదం. గది ఎలాగూ బుక్ అయింది కదా అని రెండూ కలిపేశారట. మౌనం పాటించి లేచిన తలలు నేరుగా స్లైడ్ వైపు తిరిగాయి.

“ఠీక్ హై, అందరూ ఓకేనా?” అన్నాడు మేనేజర్.

మీటింగుల్లో నేను నోరు తెరవను. కానీ అప్పుడు ఊరుకుంటే ఆయన ఇన్నేళ్ల పని ఆ ఒక్క ఓకేతో పోతుంది.

“పాత వెర్షన్‌లో కట్టి, ఇక్కడే మార్చి చూపించమనండి సర్,” అన్నాను.

“ఏందన్నా, నువ్వు గూడ ఆయన లెక్కనే షురూ చేసినవ్?” అని ఆర్కిటెక్ట్ నవ్వాడు. అందరూ చూస్తుండటంతో తప్పలేదు. ఎప్పుడో తను పాత వెర్షన్‌లో కట్టిన నమూనా పేజీ తీసి మార్చడం మొదలుపెట్టాడు. కాసేపటికి తెర నిండా ఎర్రటి ఎర్రర్లు. మేనేజర్ ఫోన్ వచ్చినవాడిలా లేచి బయటికి నడిచాడు, ఆమోదం మాటెత్తలేదు. అప్పటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లకు ఒక్కసారిగా ఆకలి గుర్తొచ్చింది.

ఆర్కిటెక్ట్ మాత్రం కదల్లేదు. తల ఎత్తకుండానే, “ఇది పాసైతే ఆయన ఇంకేం అడుగుతుండె?” అన్నాడు.

“నువ్వు లేనప్పుడు దీన్ని ఎవరు చూసుకుంటారని.”

ఈసారి నవ్వలేదు. పక్క కుర్చీలో ఉన్న తన బ్యాగు తీసి కింద పెట్టాడు. కూర్చున్నాను. ఎర్ర వరుసలను పైనుంచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాం. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. మయూర్ విహార్‌లో మెట్రో దిగి, దారిలో మరమరాలు కొనుక్కుని, నములుతూ ఇంటికి నడిచాను.