పత్తికొండలో ఉండిపోయిన పరుపు

నన్ను పత్తికొండ హైస్కూల్లో లెక్కల మాస్టరుగా వేశారని తెలిసి తెనాలిలో పలకరించడానికి వచ్చినవాళ్ళను చూస్తే, నాకు ఉద్యోగం వచ్చిందో జబ్బు చేసిందో అర్థం కాలేదు. రాజధాని కర్నూలుకు పోయిన మరుసటి యేడు మాట ఇది. "అక్కడ నీళ్ళుండవటగా, అన్నం దొరకదటగా" అని ఒకటే పరామర్శ. మా ఆవిడ కనకం మాత్రం సూటిగా చెప్పింది. "దసరాకల్లా ఇల్లు చూసి, వచ్చి నన్ను తీసుకెళ్ళండి. ఇల్లు దొరక్కపోతే ఆ ఉద్యోగం మానేసి వచ్చెయ్యండి. పుట్టింట్లో కూర్చుని పోస్టు కార్డులతో కాపురం చెయ్యడం నావల్ల కాదు."

జూన్ నెలలో ఒక సాయంత్రం గుంటూరులో మీటరుగేజి బండి ఎక్కాను. మూడో తరగతి, చెక్క బల్ల, కింద ట్రంకు పెట్టె, పైన పరుపు చుట్ట. పరుపు చుట్ట లేకుండా మా వైపు మనిషి రైలెక్కడు. ఎదుటి బల్ల మీద రాజధాని ఆఫీసు గుమాస్తా ఒకాయన కూర్చున్నాడు. "మీకేం మాస్టారూ, మీకు గోడలుంటాయి. మాకు కర్నూల్లో గుడారాలే. తేళ్ళు లేని గుడారం దొరికితే ప్రమోషన్ వచ్చినట్టే" అన్నాడు. పాపం అనుకున్నాను. నా గతి అంతకంటే బాగుంటుందని ధీమా మరి!

నంద్యాలలో తెల్లవారింది. తొమ్మిదింటికి ద్రోణాచలంలో దిగి పత్తికొండ బస్సెక్కాను. పదకొండుకు కదలాల్సిన బస్సు పన్నెండైనా కదల్లేదు. కండక్టరును అడిగాను.

"శెట్టి అన్నం తింటాండాడు, రానీప్పా. ఆయప్పను ఇడిసిపెట్టి పోతే ఎట్ల?"

శెట్టి వచ్చాడు, తేన్చాడు, ముందు సీట్లో కూర్చున్నాడు. అప్పుడు కదిలింది బస్సు. దారంతా ఎర్ర నేల, రాళ్ళ గుట్టలు. ఎక్కడైనా చెట్టు కనిపిస్తే బస్సులో అందరం అటే చూశాం. పత్తికొండలో కండక్టరు టాపు మీంచి నా పరుపు చుట్ట దించుతూ, "కోస్తా అయివోరా? మల్లా ఎక్కిచ్చేది గూడా నేనే" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

బళ్ళో హెడ్మాస్టరు గోడకు తగిలించిన కాగితం పూలదండ తీసి, దుమ్ము దులిపి, నా మెడలో వేశారు. సభ అయిపోగానే తీసి మళ్ళీ ఆ మేకుకే తగిలించారు. "పోయేటప్పుడు గూడా ఇదే ఏస్తాం సార్. పూలు ఈడ యాడ దొరుకుతాయి?" అన్నారు. అప్పుడు తెలిసింది సంగతి. నాకు ముందు ముగ్గురు లెక్కల మాస్టర్లు, ముగ్గురూ మా వైపు వాళ్ళే. ఒకాయన దీపావళికని వెళ్ళి రాలేదు. ఒకాయన పంటినొప్పికి మందు తెచ్చుకుంటానని వెళ్ళి రాలేదు. మూడో ఆయన చెప్పనైనా చెప్పలేదు. అందరూ పరుపు చుట్టతోనే బస్సెక్కారట.

ఇంటి కోసం తిరిగాను. బజారు వెనక నాగమ్మ అనే ముసలావిడకు మట్టి మిద్దె, అందులో ఖాళీగా రెండు గదులు ఉన్నాయి.

"కోస్తా అయివోర్లకు గదులియ్యనప్పా" అంది. "సున్నం కొట్టిచ్చుకుంటారు, గూట్లో దేవుణ్ణి పెట్టుకుంటారు, పండగకని పోతారు. పరుపు ఎత్తుకపోతారు గానీ దేవుణ్ణి ఇడిసిపెట్టి పోతారు. ఆ దేవునికి దీపం పెట్టేది నేను! కావాలంటే అరుగు మీద పండుకో."

తొంగి చూశాను. గూట్లో ముగ్గురు మాస్టర్లు వదిలేసిన పటాలు, రెండు వేంకటేశ్వరుడివి, ఒకటి రాముడిది, వరసగా ఉన్నాయి. మా వైపు భక్తిని తలుచుకుని తల వంచుకుని అరుగు మీదే పరుపు పరిచాను.

అరుగు మీద కాపురమంటే బజారులో కాపురమే. నేను పళ్ళు తోముకోవడం, చొక్కా విప్పుకోవడం అన్నీ ఊరందరికీ వేడుక. పొద్దున హోటల్లో ఉగ్గాని పెట్టేవారు, అంటే తడిపిన బొరుగులకు తాలింపు. మరమరాలు నానబెట్టి టిఫిను అంటారా అని నేను గొణిగితే హోటలాయన ఊరుకోలేదు. "మీ తెనాలి కాలవ ఒకటి ఎంటబెట్టుకొచ్చింటే మేము గూడా ఇడ్లీలే పోస్తాంటిమి గదా అయివోరా!" హోటలంతా నవ్వింది. పది రోజులకు ఆ ఉగ్గానికే నాలుక అలవాటు పడింది గానీ, ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు లెండి.

ఒక సాయంత్రం నేను హోటల్లో ఉండగా పెద్ద వాన వచ్చింది. తడుస్తూ పరుగెత్తి వచ్చేసరికి అరుగు మీద పరుపు లేదు. నాగమ్మ దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వేసింది. "పరుపు తడిస్తే ఆరదప్పా, నువ్వు ఆరుతావు" అంది. తర్వాత వేడి సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి, నేను తినేవరకు ఎదురుగా కూర్చుంది. మా అమ్మ గుర్తొచ్చింది. గది మాత్రం ఇవ్వలేదు.

దసరా సెలవులొచ్చాయి. పది గంటల బస్సుకు వెళ్తే ఊరు ఊరంతా అక్కడే! శెట్టి, హోటలాయన, దండ చేతబట్టుకుని హెడ్మాస్టరు. "నేను చెప్తి గదా" అంటూ కండక్టరు నా పరుపు టాపు మీదికి ఎక్కించాడు. అంతలో నాగమ్మ వచ్చింది.

"ఆ పరుపు దించురా."

"రైల్లో పడుకోవాలి కదా అవ్వా!" అన్నాను.

"మీ ఊర్లో మంచాలు లేవా? పరుపు పోతే మనిషి పోయినట్లే. ఉంచి పోతే గదులు నీవి, ఇదో బీగంచెవి. ఎత్తుకపోతే, వచ్చే అయివోరుకు అరుగు ఉండాది." కొంగున కట్టిన తాళంచెవి విప్పి చూపించింది.

ఒళ్ళు మండింది. ముగ్గురు పారిపోతే నేను జామీను ఉండాలా? కానీ పరుపు ఎత్తుకెళ్తే, ఇల్లు లేదని కనకానికి చెప్పాలి. అంతకంటే పెద్ద చిక్కు, తిరిగి వస్తానని ఆ క్షణం వరకు నాకే గట్టి నమ్మకం లేదు. ఆ ముసలావిడకు అది తెలిసిపోయిందని సిగ్గేసింది.

"దించవయ్యా" అన్నాను.

కండక్టరు మొహం చిన్నబోయింది. హెడ్మాస్టరు దండను సంకన పెట్టుకుని, "ఉపన్యాసం గూడా రాసుకొచ్చింటి సార్" అన్నారు దిగులుగా. నాగమ్మ ఎవరినీ ముట్టనివ్వకుండా పరుపు తనే నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

సాయంత్రం రైలు నంద్యాల దాటాక అందరూ పరుపులు విప్పుకున్నారు. నేను కండువా మడిచి తలకింద పెట్టుకున్నాను. నాది తెనాలి అని అప్పటికే అడిగి తెలుసుకున్న గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన పక్కనుంచి జాలిపడ్డాడు.

"అయ్యో, పరుపు మరిచిపోయారా?"

"లేదండీ, ఇంట్లో ఉంది."

"ఇంకేం, రేపు తెనాలిలో హాయిగా పడుకుందురుగాని."

"ఆ ఇల్లు తెనాలిలో కాదండీ, పత్తికొండలో" అన్నాను. జేబులో తాళంచెవి తడిమి చూసుకున్నాను.

చెక్క బల్ల వీపును వాయగొట్టింది. మా వైపు నుంచి పత్తికొండకు మాస్టరుగా వెళ్ళేవారికి నా సలహా ఒకటే. పరుపులు రెండు తీసుకెళ్ళండి, ఒకటి రైలుకు, ఒకటి నాగమ్మవ్వకు. దేవుణ్ణి మాత్రం తీసుకెళ్ళకండి. గూట్లో చోటు లేదు.